తినాలని ఉందా

ఆ వేసవిలో మా ఇంట్లో ఎవరికీ కాలు నిలవలేదు. నాన్న వంటింట్లోకి వెళ్ళి గిన్నెల మీది మూతలు తీసి చూసేవాడు, మళ్ళీ పెట్టేసేవాడు, వసారాలోకి వచ్చి కుర్చీని గోడవైపు జరిపేవాడు, అందులో కూర్చోకుండానే మళ్ళీ లోపలికి నడిచేవాడు. కంచం పట్టుకుని ఆయన వెనకాల అమ్మ. ఫోను పట్టుకుని అమ్మ వెనకాల అక్క. ఎవరి వెనకాలా వెళ్ళలేక గుమ్మంలో నిలబడి, అందరికీ అడ్డొచ్చి తిట్లు తినేది నేను.

నాన్నకు జ్వరం తగ్గి చాలా రోజులైంది. ఆ ఏడు ఊరంతా తిరిగిన జ్వరమే అది. ఇల్లిల్లూ పలకరించినట్టే మా ఇంటినీ పలకరించి పోయింది. పోతూ పోతూ ఆయన ఆకలిని కూడా మూట కట్టుకుని పోయిందని అమ్మ అనేది. నాన్న చొక్కాల్లో నాన్న చిన్నవాడైపోయాడు. బెల్టుకు మేకుతో కొత్త చిల్లు పొడుచుకున్నాడు, కొన్నాళ్ళకు దాని పక్కన ఇంకొకటి.

"రెండు ముద్దలు తినండి."

"వద్దు."

"పోనీ, ఒక్క ముద్ద."

"వద్దన్నానా?"

"ఎందుకొద్దు?"

"వద్దంటే వద్దు. దానికి కారణం కూడా వండి వడ్డించాలా?"

వండి వడ్డించడమే నాన్న పని. బస్సు డిపో క్యాంటీనులో ఆయన పెద్ద వంటవాడు. డ్రైవర్లూ కండక్టర్లూ ఆయన్ని మాస్టారు అంటారు. అంతమందికి వండినా ఏనాడూ చుక్క నాలుక మీద వేసుకుని రుచి చూసిన మనిషి కాదు. గుండిగ మూత తీసి, ఆవిరి మీదికి ముఖం వంచి, ఒక్కసారి లోపలికి పీల్చేవాడు. "పచ్చివాసన పోలేదు, ఇంకో ఉడుకు రానీ" అనేవాడు. ఉప్పు చాలకపోయినా అలాగే చెప్పేవాడు. ఎలా తెలుస్తుందని అడిగితే, "కూర చెబుతుంది, మనం వినాలి" అని నవ్వేవాడు. గరిటె మాత్రం ఇంకొకరి చేతికి ఇచ్చేవాడు కాదు.

అలాంటి ఇంట్లో పుట్టిన మా అక్క ఆకలి మీద పరిశోధన చేస్తోంది. "నేను ఆకలి తీరుస్తాను. మా పెద్దది అది ఎక్కణ్ణుంచి పుడుతుందో వెతుకుతోంది. ఏదో ఒకరోజు పట్టేసుకుని నా పొయ్యి ఆర్పేస్తుంది" అని నాన్న డిపోలో అందరికీ చెప్పుకునేవాడు. చెప్పేటప్పుడు ఆయన మీసం కొంచెం పైకి లేచేది.

కడుపు ఖాళీ అయినప్పుడు దాని గోడల్లోంచి గ్రెలిన్ అనే హార్మోను నెత్తురులోకి దిగుతుంది. నెత్తురు దాన్ని మోసుకెళ్ళి మెదడుకు అందిస్తుంది. "కడుపు కబురు పంపుతుంది, మెదడు తలుపు తీస్తుంది, మనం కంచం ముందు కూర్చుంటాం. అంతే" అని అక్క నాకు చెప్పిన పాఠం. ఆ వేసవిలో ఆమె పరిశీలిస్తున్నది ఆ జ్వరం నుంచి లేచినవాళ్ళని. జ్వరం పోయింది, ఒళ్ళు మాత్రం కరిగిపోతోంది. వాళ్ళ నెత్తురు తీసి చూస్తే గ్రెలిన్ పొంగిపొర్లుతోంది. అయినా అన్నం ముట్టరు. కబురు వెళుతోంది, తలుపు మాత్రం బిగుసుకుపోయింది అన్నది అక్క సిద్ధాంతం. బిగుసుకున్న తలుపును తెరిచే మందు ఒకటి ఉందని ఆమె నమ్మకం. వేసవి చివర్లో పెద్దల కమిటీ ముందు నిలబడి ఒప్పిస్తే, ఆ మందును మనుషుల మీద పరీక్షించి చూడవచ్చు. అది పనిచేస్తే నాన్నకూ అందుతుందని ఆమె పైకి అనలేదు. అనకుండానే మా అందరికీ తెలుసు. నాన్నను నిలబెట్టాలని ఆమె ఆరాటం.

కాలేజీ సెలవుల్లో నేనూ అక్క ల్యాబులో సాయానికి చేరాను. పరగడుపున వచ్చినవాళ్ళ పక్కన కూర్చుని, మధ్యమధ్యలో ఒక చెక్కపట్టీ వాళ్ళ ముందు పెట్టడం నా పని. పట్టీకి గాడి, గాడిలో ఎర్రపూస. ఎడమ చివర 'అస్సలు లేదు', కుడి చివర 'చాలా ఉంది'. నేను ప్రశ్న అడగాలి, వాళ్ళు పూసను జరపాలి. మాటలు తక్కువ గనక నాకు సరిపోయిన పని.

ప్రశ్న మొదట వేరుగా ఉండేది. 'ఆకలిగా ఉందా?' అని. మొదటిరోజు వచ్చిన పెద్దాయన, బడిపంతులుగా చేసి మానేసినాయన, ఆ మాట వినగానే కంగారుగా లేచి నిలబడ్డాడు.

"అబ్బే, లేదమ్మా. తినే వచ్చాను."

"పరగడుపున రమ్మన్నాం కదండీ?"

"రమ్మన్నారు గనక పరగడుపునే వచ్చాను."

"మరి తిన్నానంటారేంటి?"

"నువ్వు అలా మొహం మీద అడిగితే ఆకలని ఎలా చెప్పనమ్మా? బాగుంటుందా?"

పూస ఎడమ చివరకు అంటుకుపోయింది. ఆయన తర్వాత వచ్చినావిడా అంతే, ఆవిడ తర్వాతి ఆయనా అంతే. అక్క తల పట్టుకుంది. సాయంత్రం దాకా గది ఈ మూలనుంచి ఆ మూలకు తిరిగి, చివరికి ప్రశ్న మార్చింది. 'తినాలని ఉందా?'

"ఇది మర్యాదగా ఉంది. ఎవరూ నొచ్చుకోరు. రెండూ ఒకటేగా" అంది. ఒకటే అనే నాకూ అనిపించింది. అప్పటినుంచి ఎవరూ లేచి నిలబడలేదు. పూసలు నెమ్మదిగా జరిగి, ఎడమవైపే ఎక్కడో ఆగేవి.

*

నాన్నకు మందుబిళ్ళలు ఇవ్వడానికి ఒకరోజు క్యాంటీనుకు వెళ్ళాను. పొయ్యిల వేడికి కిటికీ అద్దాలు చెమటలు కక్కుతున్నాయి. గుండిగ దగ్గర నాన్న లేడు. గరిటె పట్టుకుని తరుగులావిడ ఉంది. ఉల్లిపాయలు, బంగాళాదుంపలు తరగడమే ఆమె ఉద్యోగం, అందుకే ఆ పేరు. నాన్న ఆమె వెనకాల చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"ఇప్పుడు రుచి చూడు. ఏమంటోంది?"

"ఉప్పు కొంచెం పడాలి మాస్టారూ."

"ఎంత?"

"చిటికెడు... కాదు, గుప్పెడు."

"వెయ్యి మరి. నన్ను చూస్తావేం? నేర్చుకోవాలంటే నువ్వే వెయ్యాలి."

టీ కోసం వచ్చిన డ్రైవరు ఒకాయన గుమ్మంలోనే ఆగిపోయాడు. "ఇదేం విడ్డూరం మాస్టారూ! గరిటె కూడా దానం చేసేస్తున్నారు. సన్యాసం పుచ్చుకుంటున్నారా ఏంటి?"

"నువ్వు బస్సు సరిగ్గా నడుపు. నా సన్యాసం సంగతి నేను చూసుకుంటాను."

తరుగులావిడ ముఖం వెలిగిపోతోంది. నన్ను పక్కకు పిలిచి, "మీ నాన్నగారు బంగారం తల్లీ. ఇన్నేళ్ళలో ఈ గుండిగ మూత కూడా తాకనివ్వలేదు. జ్వరం వచ్చి పోయాక మనసు మారింది. ఇప్పుడు అన్నీ నా చేతే చేయిస్తున్నారు" అంది. ఇంటికొచ్చి అమ్మకు చెబితే అమ్మ కూడా మురిసిపోయింది. కోపిష్ఠి మనిషి మెత్తబడ్డాడని మేమంతా సంతోషించాం. అంత మెత్తదనం ఎందుకొచ్చిందని ఎవరూ అడగలేదు.

ఆ తర్వాతి వారం నాన్న గుండిగ దించబోయి కూలబడ్డాడు. కాలలేదు, అదొక్కటే అదృష్టం. డిపోవాళ్ళు ఆటో పిలవలేదు. ఖాళీగా ఉన్న బస్సొకటి తీసుకుని, మా సందులోకి దూర్చి, ఇంటి ముందు ఆపారు. అంత పెద్ద బస్సులో ఒక్కడే ప్రయాణికుడు. కండక్టరు చెయ్యి పట్టుకుని దింపుతుంటే, "టికెట్టు కొట్టవా?" అని అడిగాడు నాన్న. నవ్వింది ఆయనొక్కడే.

"రేపు నాతో ల్యాబుకు వస్తున్నావు" అంది అక్క.

"నా నెత్తురుతో నీకేం పని డాక్టరమ్మా? అందులో నీ చదువు ఫీజులు తప్ప ఇంకేం మిగల్లేదు."

"సొంతవాళ్ళని లెక్కలోకి తీసుకోను. నా కోసం చూసుకుంటాను, అంతే."

"చూసి?"

"నాన్నా, నువ్వు కరిగిపోతున్నావు. నా కళ్ళ ముందే." ఆమె చేతిలోని ఫోను పక్కన పెట్టేసింది. "ఊళ్ళోవాళ్ళ ఆకలి గురించి పొద్దస్తమానం మాట్లాడతాను. ఇంటికొస్తే నీ కంచం చూడలేకపోతున్నాను."

నాన్న లేచి వంటింట్లోకి వెళ్ళాడు. మూతలు తీసిన చప్పుడు, పెట్టిన చప్పుడు. తిరిగి వచ్చి, "పొద్దున్నే వెళదాం. ఎండెక్కకముందే" అన్నాడు.

*

ల్యాబులో నాన్న పెళ్ళిచూపుల్లో కూర్చున్నట్టు కూర్చున్నాడు. చేతికి సూది, ముందు బల్ల, బల్ల మీద అందరికీ పెట్టే కంచమే. కాల్చిన రొట్టె, వెన్న, ఉడకబెట్టిన గుడ్లు, పండ్లరసం. నాన్న వంటవాడి కంటితో రొట్టెను తిప్పి చూశాడు.

"ఒకవైపే కాలింది. ఎవరు చేశారు?"

"యంత్రం" అన్నాను.

"యంత్రానికి జీతం తగ్గించండి."

అక్క నావైపు చూసి తల ఊపింది. నేను చెక్కపట్టీ నాన్న ముందు పెట్టాను. ఊరందరినీ అడిగిన ప్రశ్న సొంత తండ్రిని అడగడానికి నాకు నోరు రాలేదు. ఎలాగో ధైర్యం కూడదీసుకుని అడిగాను.

"తినాలని ఉందా?"

నాన్న పూసను ఎడమ చివరకు జరిపి, అది అక్కడే ఉందో లేదో వేలితో నొక్కి చూసుకున్నాడు. అక్క పెదవి కొరుక్కుంది. ఆమె అనుకున్నదే. తలుపు బిగుసుకుపోయింది. అనుకున్నది నిజమైనందుకు ఆమె ముఖంలో ఏ సంతోషమూ లేదు.

సరిగ్గా అప్పుడే పక్క గదిలో గాజు పగిలిన చప్పుడు, వెంటనే ఒక అరుపు. ప్రోటీన్లను విడదీయడానికి వాడే రసాయనమొకటి ఉంటుంది అక్కడ. సీసా మూత తీస్తే చాలు, కుళ్ళిన గుడ్ల కంపు కొడుతుంది. ఇప్పుడు సీసాకు సీసాయే పగిలింది. కంపు తలుపు కింది నుంచి పాకి వచ్చింది. సీసా జారవిడిచిన విద్యార్థిని ముక్కు మూసుకుని వసారాలోకి పరుగెత్తింది. నేను కిటికీ తలుపులు బార్లా తెరిచి చున్నీ ముఖానికి చుట్టుకున్నాను. అక్క మోచేతిలో ముఖం దాచుకుని దగ్గుతోంది.

నాన్న గుడ్డును చూస్తూ కూర్చున్నాడు.

ముఖం చిట్లించలేదు, చెయ్యి ముక్కు దాకా వెళ్ళలేదు. మా హడావుడికి తలెత్తి, "ఏమైంది? ఎందుకలా గంతులేస్తున్నారు?" అని అడిగాడు.

అక్క మోచెయ్యి దించింది. ఆ కంపులోనే, దగ్గకుండా, ఆయన ఎదురుగా వచ్చి కుర్చీలో కూర్చుంది.

"నాన్నా, ఎప్పటినుంచి?"

"ఏది?"

"వాసన."

నాన్న కిటికీలోంచి బయటకు చూశాడు. అక్కడ చూడడానికేమీ లేదు. నీళ్ళ ట్యాంకు, దాని కింద సైకిళ్ళు.

"జ్వరం తగ్గిన దగ్గర్నుంచి" అన్నాడు. "ఏం పెట్టుకున్నా తడి కాయితం నమిలినట్టుంటుంది. మీ అమ్మ వండినా అంతే, నేను వండినా అంతే. వంటవాడికి ముక్కు పోయిందంటే ఎవరు ఉంచుకుంటారే? అందుకే తరుగులావిడ చేత రుచి చూపిస్తున్నాను."

కంపు మెల్లగా పలచబడింది. అక్క ఒకసారి నావైపు, ఒకసారి బల్లవైపు చూసింది. ఎడమ చివర ఉన్న ఎర్రపూసను వేలితో మధ్యకు తెచ్చి పెట్టింది. ఆ గదిలో మేం మానేసిన ప్రశ్నను మళ్ళీ అడిగింది.

"ఆకలిగా ఉందా నాన్నా?"

"ఎందుకుండదూ? కడుపు కాలిపోతోంది."

పూసను కుడి చివర దాకా నెట్టాడు. ఇంకా నెట్టబోతే గాడి అక్కడితో అయిపోయింది.

*

ఆ తర్వాత అక్క నిలవలేదు, నన్ను నిలవనివ్వలేదు. వచ్చి వెళ్ళినవాళ్ళందరినీ మళ్ళీ పిలిపించింది. చిన్న సీసాల్లో లవంగం, నిమ్మతొక్క, కాఫీపొడి వేసి ఒక్కొక్కరి ముక్కు కింద పెట్టాం. ఈసారి రెండు ప్రశ్నలూ అడిగాం. మొదటి దానికి ఎవరూ మొహమాటపడకుండా అక్క ముందే చెప్పేసింది. "ఇది మా ఇంటికి భోజనానికి పిలవడం కాదండీ. నిజం చెప్పండి, మేమేమీ అనుకోం." బడిపంతులుగారు నిమ్మతొక్కను చాలాసేపు వాసన చూసి, "నీళ్ళా అమ్మా?" అన్నాడు. తర్వాత పూసను కుడివైపుకు, సిగ్గుపడుతూ, చివరి దాకా జరిపాడు. చాలామందిది అదే తీరు. కబురు చేరింది. తలుపు తెరుచుకునే ఉంది. గుమ్మం అవతల పెట్టిన అన్నానికే వాసన లేదు.

కమిటీకి పంపవలసిన పత్రాన్ని అక్క వెనక్కి తీసుకుంది. ఆమె సారు గదిలో మాటలు వసారాలో నిలబడ్డ నాకు వినపడుతూనే ఉన్నాయి.

"ఇంత పని చేసి ఇప్పుడు కాదంటే ఎలాగమ్మా? ప్రశ్నలో ఒక్క మాటేగా తేడా."

"అవును సార్. ఆ ఒక్క మాట మీదే అంతా కట్టాను."

"మళ్ళీ మొదటికొస్తావా?"

"వస్తాను సార్."

బయటకొచ్చి, "పద" అంది. ఇంటికొచ్చి నాన్నకు ఉన్నదున్నట్టు చెప్పింది. వాసన తిరిగి రావచ్చు, రాకపోవచ్చు. రోజూ పొద్దునా సాయంత్రం ఆ సీసాలు వాసన చూస్తూ ఉండాలి. మందు లేదు.

"మరి నీ హార్మోను?"

"దాని పని అది చేస్తూనే ఉంది నాన్నా. మిగతాది నువ్వు చెయ్యాలి. తినాలని లేకపోయినా తినాలి."

"రుచి లేకుండా తినమని చెప్పే మొదటి డాక్టరువి నువ్వే" అన్నాడు నాన్న. ఆ పూటా తినలేదు.

మర్నాడు నన్ను తోడు రమ్మని డిపోకు వెళ్ళాడు. తరుగులావిడను, మేనేజరును పొయ్యి దగ్గరే నిలబెట్టి చెప్పేశాడు. మేనేజరు గడ్డం గోక్కుంటూ ఆలోచనలో పడ్డాడు. తరుగులావిడ మాత్రం గరిటెను గుండిగ మీద అడ్డంగా పెట్టి, కొంగుతో చేతులు తుడుచుకుంది.

"అంటే, నాకు నేర్పలేదన్నమాట."

"నేర్పాను కదా."

"నా మీద గురి కుదిరిందనుకున్నాను మాస్టారూ. ఇంటికెళ్ళి మా ఆయనకు చెప్పుకున్నాను, మా అత్తకు చెప్పుకున్నాను. మీ ముక్కు పోయి నా నాలుక అరువు తీసుకున్నారా?"

నాన్న తల దించుకున్నాడు. ఎంతమంది ముందైనా దించని తల అది.

"అరువుకే తీసుకున్నాను" అన్నాడు. "నువ్వు వేసిన ఉప్పు మీద ఒక్కరి దగ్గర్నుంచీ మాట రాలేదు. అది మాత్రం అరువు కాదు, నీదే."

ఆమె గరిటె తీసుకుని కూర కలిపింది, అవసరమైనదానికన్నా గట్టిగా. చివరికి మేనేజరు తేల్చింది ఇది. వంట ఆమెది, సరుకు చూసి తేవడం నాన్నది. వారాల తరబడి ఆమె నాన్నను పేరుకు కూడా పలకరించలేదట. ఒకరోజు మాత్రం, "వంకాయలు పుచ్చువి తెచ్చారు. ముక్కు సరే, కళ్ళేమయ్యాయి?" అని అడిగిందని నాన్న ఇంటికొచ్చి చెప్పాడు. చెబుతూ కొంచెం తేలికపడ్డట్టు కనిపించాడు. అన్నం దగ్గరికొచ్చేసరికి మళ్ళీ మామూలే. మందు మింగినట్టు రెండు ముద్దలు, నీళ్ళు, లేచిపోవడం.

సెలవులు ముగిసే ముందు ఒక సాయంత్రం. అమ్మ బజారుకు వెళ్ళింది, అక్క ల్యాబులో ఉంది. నేను పెనం మీద ఉల్లిపాయలు వేయిస్తున్నాను. నాన్న వచ్చి వెనకాల నిలబడ్డాడు.

"ఎలా ఉంది?"

"బాగుంది."

"బాగుందంటే నాకేం తెలుస్తుంది? వాసన ఎలా ఉంది?"

"కమ్మగా ఉంది."

"పాలూ కమ్మగానే ఉంటాయి, నెయ్యీ కమ్మగానే ఉంటుంది. ఇది ఎలా ఉంది?"

పెనం మీదికి వంగి పీల్చాను. రోజూ తినే ఉల్లిపాయకు, ఊరందరికీ తెలిసిన వాసనకు, నా దగ్గర పేరు లేదు. సిగ్గు ముంచుకొచ్చింది. అయినా ఆయన కదలకుండా నిలబడ్డాడు.

"ఇందాక ఘాటు" అన్నాను. "కళ్ళలోకి కొట్టింది. ఇప్పుడది వెనక్కి తగ్గింది. దాని చోట్లోకి తీపి వస్తోంది. పంచదార తీపి కాదు. ఎండలో ఉన్న చెక్కపెట్టె తెరిస్తే వచ్చే వేడి లాంటిది, దానికి చివర్లో కొంచెం తీపి తగిలినట్టు. అంచులు నల్లబడుతున్నాయి, అక్కడ కాస్త చేదు..."

"దించెయ్. చేదు మొదలయ్యాక ఉంచకూడదు."

దించాను. రొట్టె మీద వేసి ఇచ్చాను. కంచం ఒళ్ళో పెట్టుకుని వంటింటి గడప మీదే కూర్చున్నాడు. ముక్క తుంచి నోట్లో పెట్టుకున్నాడు. నమలడం మొదలుపెట్టి, ఆపి, నావైపు చూశాడు. ఆ చూపు నాకు అర్థమైంది.

నూనె వాసన చెప్పాను. రొట్టె కాలిన చోట గోధుమ వాసన చెప్పాను. ఆయన దవడ కదిలింది. నేను ఆగితే అదీ ఆగిపోతోంది. ఉల్లిపాయ గురించి చెప్పడానికి నాకిక ఏమీ మిగల్లేదు. అందుకని డిపో వంటింటి వాసన చెప్పాను. తెల్లారగానే తడి నేల మీద బొగ్గు రాజుకునే వాసన, బస్సులు కదిలేటప్పటి డీజిలు, అందులోకి గుండిగ మూత తీయగానే ఆవిరి, ఆ ఆవిరిని తోసుకుంటూ లోపలికొచ్చే మనుషుల చెమట. ఒక వాసన పట్టుకుంటే దాని కొంగు పట్టుకుని ఇంకొకటి వచ్చేది. గొంతు ఆరిపోతున్నా ఆపలేదు.

నాన్న మింగాడు. ఇంకో ముక్క తుంచుకున్నాడు.

"ఊఁ" అన్నాడు.